పొలంగట్టే పాముల అడవి

బందరు రోడ్డునకు ఇరువైపుల నేడు మేడలు బారులు తీరియున్న పటమట, మన తాతల కాలమున వరిచేలకును చెరకుతోటలకును నడుమ ఒదిగియుండిన పల్లె. కృష్ణమ్మ కొట్టుకొనివచ్చి పరచిన ఆ ఒండ్రునేలలో, కాలువనీరు పారిన ప్రతి గట్టుమీదను, ప్రతి గడ్డివామి అడుగునను, తాటిచెట్ల మొదళ్ళలోను, మొగలిపొదల మాటునను పాము కాపురముండెడిది; దానిని చూచి తొలగిపోవుటయు, తప్పనప్పుడు కర్ర యెత్తుటయు, కార్తికమాసమున దాని పుట్టకు మ్రొక్కుటయు ఆ పల్లెవాసుల జీవితములో ఒక భాగమై యుండెడిది. 1960వ దశకమున ఆటోనగరు వెలసిన పిమ్మట చేలు స్థలములైనవి, స్థలములు వీధులైనవి. కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు వరకు ఊరు ప్రాకిపోయినది. అయినను తొలకరి జల్లు పడిన వారమునకు ఏదో ఒక అపార్టుమెంటు సెల్లారులో జెర్రిపోతు కనబడుటయు, వాచ్‌మన్ కేక వేయుటయు, నలుగురు కర్రలతో గుమికూడుటయు నేటికిని ఆగలేదు. ఆ జెర్రిపోతు ఏ కొండపల్లి అడవినుండియో దారి తప్పి వచ్చినది కాదు; ప్రక్కనున్న ఖాళీస్థలమున, పాత కాలువగట్టు చీలికలో, తరతరములుగా ఉన్న వంశములోనిదే.

వన్యప్రాణి సంరక్షణ మనగానే మనము పులిని తలచుకొందుము, నల్లమలను తలచుకొందుము. కొల్లేటి పక్షులకు 1999లో అభయారణ్య మేర్పడినది. కృష్ణ సముద్రమున కలియు చోట మడ అడవులకును, వానిలో చేపలు పట్టి బ్రతుకు బావురుపిల్లికిని అట్టి రక్షణ అంతకు పూర్వమే లభించినది. డెల్టాలోని పామునకు మాత్రము ఎల్లలు గీచి, కంచె నాటి, కావలివానిని నిలిపిన అరణ్యమేదియు లేదు. దాని అరణ్యము జానెడు వెడల్పు గల పొలంగట్టు. దాని గుహ ఎలుకబొరియ. దాని కొండ చెదపుట్ట. దాని నది పంటబోదె. కాబట్టి దాని క్షేమము అటవీశాఖవారి చేతిలోకంటె రైతు చేతిలో, కూలిమనిషి చేతిలో, కాలువ పూడిక తీయు కంట్రాక్టరు చేతిలో, ఖాళీస్థలము గల ఆసామి చేతిలో ఎక్కువగా ఉన్నది. పామును కాపాడుట యన్నది ఈ జిల్లాలలో అడవిని గూర్చిన ప్రశ్న కానేకాదు. సేద్యమును గూర్చిన ప్రశ్న.

ఎలుకబొరియ చుట్టును

1855 నాటికి బెజవాడ యొద్ద ఆనకట్ట పూర్తియై, దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వెలసి, ఈ నూటడెబ్బది యేండ్లుగా డెల్టా అంతయు నీరు నిలిచి, వరి పండి, గింజ రాలి, ఆ గింజకై ఎలుక పెరిగి, ఆ ఎలుకకై పాము చేరినది. నీరు పెట్టిన మడిలో ఎలుకకు తావు లేదు. అది గట్టునే తొలుచుకొని యుండును. వరి వెన్ను తీసినది మొదలు కుప్పలు పడు వరకు పందికొక్కులును, పొలపుటెలుకలును వెన్నులు కొరికి బొరియలలోనికి చేరవేసికొనును. వానిని పట్టుటకు యానాదులను పిలిపించి, ఎలుకకు ఇంత యని కూలి యిచ్చి, చేను చుట్టును బుట్టలు పెట్టించుటయు, బొరియలలోనికి పొగ పట్టించుటయు కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఎరిగిన పనియే. ఈ పనిని జీతము లేకుండ ఏడాది పొడవునను చేయునది పాము. గ్రద్దయు గుడ్లగూబయు పైకి వచ్చిన ఎలుకనే పట్టగలవు. పిల్లి బొరియ వాకిట కూర్చుండగలదు. బొరియలోనికి చొరబడి, కన్నులు తెరవని పిల్లలతో సహా ఆ సంసారము నంతటిని మ్రింగగల ప్రాణి పాము.

పాములలో రైతునకు మిక్కిలి మేలు చేయునది జెర్రిపోతు. విషమన్నది ఇసుమంతయు లేనిది, పట్టపగలు తిరుగునది, రెండు మీటర్లకు పైబడి పెరుగునది. ఆ పొడవే, ఆ వేగమే దాని ప్రాణము మీదికి తెచ్చుచున్నవి. తాచుపామని భ్రమించి దానిని చంపువారు కొందరు, తాచుపామునకు మగనిగా ఎంచి చంపువారు కొందరు. రెండు పాములు పెనవేసికొని నిలువునా లేచి ఆడుచున్నప్పుడు దానిని సంయోగమని తలచి, పైన నూతన వస్త్రము పరచినచో సిరి కలుగునని నమ్మువారు మన పల్లెలలో నేటికిని కలరు. నిజమునకు ఆ రెండును మగ జెర్రిపోతులు. ఒకదాని తలను ఒకటి నేలకు అణచుటకై, కాటు వేసికొనకుండ, బలమును మాత్రమే చూపుకొను మల్లయుద్ధమది. తాచుపాము వేరు జాతి, జెర్రిపోతు వేరు జాతి. వానికి పొత్తు కుదురుట ప్రకృతిలో లేదు.

తాచుపాము, అనగా నాగుపాము, కప్పలను, ఎలుకలను, పక్షిపిల్లలను, తోటిపాములను కూడ తినును. పడగ విప్పుట దాని కోపమునకు కాక దాని భయమునకు గుర్తు. తొలగిపొమ్మని అది ఇచ్చు హెచ్చరిక. వేసవిలో పుట్టలోనో, బొరియలోనో పది యిరువది గ్రుడ్లు పెట్టి, రెండు నెలలపాటు తల్లి వానిని కనిపెట్టుకొని యుండును. దానికి బయటి చెవులు లేవు. నాగస్వరమునకు అది తల యూచుట రాగము విని కాదు, ఊదువాని చేతికదలికను చూచి. నేల యదురును మాత్రము అది మిక్కిలి సూక్ష్మముగా గ్రహించును. చీకటిలో కర్రతో నేలను తట్టుచు నడువుమని పెద్దలు చెప్పిన మాట అందుచేత శాస్త్రసమ్మతమే.

కట్లపాము రాత్రించరి. నల్లని మేనిపై సన్నని తెల్లని కట్లతో, పగలు ముట్టినను ముడుచుకొనిపోవు నిరీహప్రాణివలె కనిపించు ఈ పాము, రాత్రివేళ ఇటుకల పోగులనుండి వెలువడి, ఎలుకలకొరకును, తనకంటె చిన్నపాములకొరకును పూరిండ్లలోనికి వచ్చును. నేలమీద పండుకొన్నవాడు నిద్రలో ఒత్తిగిలినప్పుడు కరచినదా, ఆ కాటున నొప్పియు ఉండదు, వాపును ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి యని లేచినవానికి కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దయై, ఊపిరి అందకుండ పోవు వరకు అది పాముకాటని ఇంటివారికి తోచనే తోచదు. రక్తపింజర తీరు వేరు. అది పరుగెత్తదు, వెదకదు. ఎలుక దారిలో చుట్టచుట్టుకొని కాచియుండును. సమీపించినచో కొలిమితిత్తివలె బుసకొట్టును. గ్రుడ్లు పెట్టక ఇరువది నలువది పిల్లలను ఈనును. దివిసీమలోను, పామర్రు, గుడివాడ ప్రాంతములలోను కోతల కాలమున కోసిన వరి పనలుగా పరచియుండగా, ఆ పనల క్రింది వెచ్చదనమునకు ఎలుకయు, ఎలుక వెనుక రక్తపింజరయు చేరును. ఎండుగడ్డి రంగున, గొలుసువంటి మచ్చలతో ఉన్న ఆ పాము, పన యెత్తు స్త్రీ కంట బడుట దుర్లభము. విషసర్పములలో నాలుగవదైన ఇసుక పింజర మెట్టప్రాంతముల రాతినేలలది. డెల్టా తడినేల దానికి గిట్టదు.

నీటిపాములను గూర్చి ఎవరును వ్రాయరు. నీరుకట్టె కాలువలన్నిటను కలదు, కోపిష్ఠి, పట్టిన చేతిని కరచి రక్తము వచ్చునట్లు చేయును, విషము లేదు. చేపపిల్లలను, కప్పలను తిని బ్రతుకు దానికి, వరిచేలు చేపల చెరువులైన కైకలూరు, మండవల్లి ప్రాంతములలో తిండికి లోటు లేదు గాని, చెరువుగట్ల చుట్టును కట్టిన నైలాను వలలలో తల దూర్చి, వెనుకకు రాలేక, ఎండకు మాడి చచ్చు నీరుకట్టెలకును జెర్రిపోతులకును లెక్క లేదు. నాగాయలంక దాటి మడ అడవులలోనికి పోయినచో, కుక్కమూతివంటి ముఖము గల బురదపాములు ఆటుపోటుల ననుసరించి చేపలు పట్టుచుండును. సముద్రసర్పములు అప్పుడప్పుడు జాలరుల వలలలో పడుచుండును; అవి విషసర్పములని ఎరిగిన జాలరులు మెలకువతో వానిని మరల నీటిలోనికి విడుతురు.

పుట్ట

పాము పుట్టను కట్టదు. చెదలు కట్టిన పుట్ట పాడుపడినపుడో, ఎలుక తొలిచినపుడో అది ప్రవేశించును. వెలుపల రోహిణీకార్తె యెండ నిప్పులు చెరుగుచున్నను పుట్టలోపల చలువయు, చెమ్మయు నిలిచియుండును. అందుచేతనే పాములు, ఉడుములు, కప్పలు, తేళ్ళు అందు తలదాచుకొనును. ఈ యావాసమునకు మన పెద్దలు చేసిన మహోపకారము దానిని పూజ్యముగా ఎంచుట. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు పుట్టనుండి వెలసినవాడని భక్తుల విశ్వాసము; నేటికిని సంతానార్థులు అచ్చటి పుట్టలో పాలు పోయుచున్నారు. ఇంకను వెనుకకు పోయి అమరావతి శిల్పములను చూచినచో, రామగ్రామ స్తూపమును నాగులు చుట్టుకొని కాపాడుచున్న దృశ్యమును మన కృష్ణాతీరపు శిల్పి రెండువేల యేండ్ల నాడే సున్నపురాతిలో మలచియుంచెను. నాగుడు కావలివాడన్న భావన ఈ నేలకు ఎంత పాతదో దానివలన తెలియును.

దీపావళి వెళ్ళిన నాలుగవనాడు నాగులచవితికి తల్లులు పిల్లలను వెంటబెట్టుకొని గట్టునగల పుట్టకు పోయి, చలిమిడి, చిమ్మిలి, వడపప్పు నైవేద్యము పెట్టి, పుట్టమన్ను పిల్లల చెవులకు అద్దెదరు. ఆ భక్తిని నేను మనసార గౌరవింతును. పుట్టను గడ్డపారకు దక్కకుండ ఇంతకాలము కాచినది ఆ భక్తియే. ఐనను పాము పాలు త్రాగి బ్రతుకు ప్రాణి కాదు. కలశములకొలది పాలు కన్నములో కుమ్మరించుట వలనను, మిగిలిన దీపావళి మందుగుండు అచ్చటనే కాల్చుట వలనను పాము ఊపిరాడక వెలికి వచ్చి, ఆ జనముచేతనే చచ్చుట కలదు. ఒక చిట్టెడు పాలు పుట్టమీద చిలకరించిన చాలునని పురోహితులే చెప్పిన ఎంత బాగుండును! పట్టణములో నిజమైన పుట్టలు మాసి, గుడులలో సిమెంటు పుట్టలు వెలసినవి. మ్రొక్కు చెల్లుచున్నది గాని ఆ సిమెంటులో ఏ ప్రాణికిని చోటు లేదు. ఇదే పటమటలో 1947 నుండి గోరాగారి నాస్తిక కేంద్రము మూఢవిశ్వాసములకు ఎదురొడ్డి పనిచేయుచున్నది. మ్రొక్కువారికిని, మ్రొక్కనివారికిని పుట్టను త్రవ్వకుండ విడిచిపెట్టుటలో భేదాభిప్రాయ ముండనక్కరలేదు.

చట్టమును పట్టికయును

తెలుగువారి సర్పపరిజ్ఞానమును ప్రపంచము ముందు పెట్టినవాడు స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్. 1781లో విశాఖపట్టణమునకు వచ్చి, కుంపిణీవారి ప్రకృతి శాస్త్రజ్ఞుడై, జనులు పట్టి తెచ్చిన పాములను పరిశీలించి, వారు చెప్పిన తెలుగు పేర్లతోనే చిత్రపటములను చేర్చి, 1796లో లండనునందు కోరమండలు తీరపు సర్పములను గూర్చి మహాగ్రంథమును వెలువరించెను. రక్తపింజరకు శాస్త్రజ్ఞులు ఆయన పేరే పెట్టిరి. పాములలో విషము గలవి కొద్దియేననియు, వానిని గుర్తెరుగుట అందరికిని అవసరమనియు ఆయన చూపిన మార్గమును తరువాతి పాలకులు మరచి, చంపిన పామునకు ఇంత యని బహుమానము లిచ్చు విధానము తెచ్చిరి. స్వాతంత్ర్యానంతరము తోళ్ళ వ్యాపారము విజృంభించి, జెర్రిపోతు, తాచు, కొండచిలువల చర్మములు సంచులకును, చెప్పులకును లక్షలకొలది విదేశములకు ఎగుమతియైనవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని వెంట వచ్చిన ఎగుమతి నిషేధమును ఆ ఘోరమునకు అడ్డుకట్ట వేసినవి.

ఆ చట్టమునకు 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. కొండచిలువకు అంతకు పూర్వమే ఉన్న మొదటి షెడ్యూలు రక్షణ దానితో నాగుపామునకు, రక్తపింజరకు, జెర్రిపోతునకు కూడ లభించినది. అనగా చట్టము దృష్టిలో సెల్లారులోని జెర్రిపోతు నల్లమలలోని పులితో సమానము. దానిని చంపినవానికి మూడేండ్లనుండి ఏడేండ్ల వరకు కారాగారము, ఇరువదియైదు వేల రూపాయలకు తక్కువ కాని జరిమానా. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితివారి ఎర్రపట్టికలో కొండచిలువయు, రెండుతలల పామును ముప్పునకు చేరువైనవి. తూర్పుకనుమల గిరినాగు ముప్పు కలది. రెండుతలల పామునకు ఉన్నది ఒకే తల. మొద్దుగానున్న తోకను రెండవ తలయని నమ్మించి, ఇంట నుంచిన నిధులు లభించునని చెప్పి, లక్షలకు అమ్మజూపు ముఠాలు మన రాష్ట్రమున తరచుగా పట్టుబడుచున్నవి. తక్కిన తాచు, కట్లపాము, రక్తపింజర, జెర్రిపోతులకు అంతగా ఆందోళన అక్కరలేదని ఆ పట్టిక చెప్పుచున్నది.

ఈ చివరి మాటను జాగ్రత్తగా అర్థము చేసికొనవలెను. ఆ పట్టిక ఒక జాతి దేశదేశములయందు వ్యాపించియున్న తీరును బట్టి చెప్పు మాట. పాకిస్థానమునుండి సింహళము వరకు ఎక్కడనో ఒకచోట తాచు నిలిచియున్నంత కాలము దానికి ముప్పు లేదనియే తేలును. పెనమలూరు గట్టుమీది తాచు నశించినదో నిలిచినదో దానివలన తెలియదు. గట్లు ట్రాక్టరునకు అడ్డమని ఏటేట సన్నగిల్లుచున్నవి. ఆధునికీకరణ పేర కాలువగట్లకు సిమెంటు పలకలు పరచగా చీలికలు పూడిపోయినవి, నీట బడిన ప్రాణి పైకి ప్రాకుటకు పట్టు లేకపోయినది. కోతయంత్రము వచ్చి చేనును నిమిషములలో నేలమట్టము చేయుచున్నది; మిగిలిన గడ్డిని కాల్చినచోట గ్రుడ్లు, పిల్లలు అన్నియు బూడిద. ఎలుకమందు తిన్న ఎలుకను తిన్న పాము సంగతి చెప్పనే అక్కరలేదు. చట్టము పామును కాపాడినది గాని, పాము ఉండు గట్టును కాపాడలేదు.

దివిసీమ

పామును ప్రేమింపుమని కూలిమనిషికి చెప్పువాడు ముందుగా ఆమె ప్రాణమునకు పూచీపడవలెను. 2001-03 నాటి మరణములపై జరిగి, 2011లో వెలువడిన అధ్యయనము ప్రకారము దేశమున ఏటా సుమారు 45,900 మంది పాముకాటువలన మరణించుచుండగా, వారిలో 5,200 మంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వారు. జనాభాతో పోల్చి చూచినచో రాష్ట్రములన్నిటిలో మనదే మొదటి స్థానము. చచ్చినవారిలో నూటికి డెబ్బదియేడుగురు ఆసుపత్రికి వెలుపలనే చచ్చిరి. 2000 నుండి 2019 వరకు గల లెక్కలను కూర్చిన మరియొక అధ్యయనము దేశమున పన్నెండు లక్షల మంది బలియైరని తేల్చినది. వీరిలో అధికులు మేడలలోనివారు కారు. వరిమళ్ళలో వట్టికాళ్ళతో నిలిచినవారు.

2018 వానకాలమున దివిసీమలో కాట్లు మిక్కిలి హెచ్చి, అవనిగడ్డ ఆసుపత్రికి బాధితులు వరుసగా వచ్చుచుండగా, ఆ ఆగస్టు నెలలో మోపిదేవి ఆలయమున ప్రభుత్వపక్షమున సర్పశాంతి యాగము జరిగినది. భీతిల్లిన జనమునకు అది ఊరట కలిగించియుండవచ్చును. అయితే కాట్లకు కారణము దైవాగ్రహము కాదు: కాలువలు వదలి మళ్ళు నిండగానే బొరియలలో నీరు చేరి, ఎలుకలును పాములును గట్లమీదికి ఎక్కును, ఆ గట్లే కూలీలు నడచు దారులు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ రోజులతరబడి నీట మునిగినపుడు బెజవాడ ఇండ్లలోనికి పాములు వచ్చుటకును కారణ మిదియే. నీటిచేత నిర్వాసితమైన ప్రాణి మెరకను వెదకుకొనెను. మెరకమీద మన మున్నాము.

మందు కలదు. తాచు, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర, ఈ నాలుగింటి విషమును స్వల్పమాత్రలో గుర్రములకు ఎక్కించి, వాని రక్తమునుండి తీయు విరుగుడే మన దేశమున వాడుకలో నున్నది. ఆ విషములో అధికభాగము చెన్నై చెంత 1978లో స్థాపించిన ఇరులుల సహకార సంఘమునుండి వచ్చుచున్నది. తోళ్ళకై పాములను చంపిన ఆ గిరిజనులే నేడు వానిని పట్టి, విషము తీసి, మరల అడవిలో వదలుచున్నారు. కాటునకు మందు ప్రాణముతో నున్న పామునుండియే వచ్చుననుట గమనింపదగినది. ఒక చోటి రక్తపింజర విషము మరియొక చోటిదానితో సరిపోలదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు గనుక, ఆంధ్రదేశపు పాముల విషమును కూడ సేకరించి మందు చేయవలెనన్న కోరిక సహేతుకమైనది. పాముకాటు మరణములను 2030 నాటికి సగమునకు తగ్గించుటకు కేంద్ర ప్రభుత్వము 2024లో కార్యప్రణాళిక ప్రకటించినది. దాని ఫలము పల్లెకు చేరుట యనగా, కోతలు మొదలగుటకు ముందే దివిసీమలోని ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున విరుగుడు సీసాలును, దానిని ఎక్కించు ధైర్యము గల వైద్యుడును ఉండుటయే. కాటు పడినవానికి కట్టు బిగించుట, కత్తితో కోయుట, నోటితో పీల్చుట, మంత్రగానికొరకు వేచుట ఇవన్నియు ప్రాణాంతకములు. ఆ అవయవమును కదల్పక 108 బండిని పిలిచి ఆసుపత్రికి చేర్చుటయే చికిత్సలో సగము. నులకమంచము, దోమతెర ఉన్న ఇంట కట్లపాము కాటు అరుదు. రబ్బరు బూట్లును, టార్చిలైటును కూలితోపాటు ఇచ్చు రైతు పామును చంపవలసిన అవసరమును కూడ తొలగించినవాడగును.

పట్టణములో పాములు పట్టు యువకులు వాని ప్రాణము కాపాడి దూరపు కొండలలో వదలుట పుణ్యమనుకొనుచున్నారు. వారి సాహసము కొనియాడదగినదే. ఐనను డెల్టా తాచునకు కొండ పరదేశము. నీరెక్కడనో, బొరియ యెక్కడనో తెలియక అది అచ్చట దిగ్భ్రమ చెంది తిరిగి నశించుటకే అవకాశ మెక్కువ. పట్టిన చోటికి చేరువలోనే, ఇండ్లు లేని గట్టున వదలుట మేలు. చెరువుల చుట్టును కట్టు వలను నేలకు జానెడు ఎత్తున ఆపినచో పాము క్రిందుగా దాటిపోవును. ఇక కాలువల మాట. ఏటేట వేసవిలో నీరు కట్టివేసిన పిమ్మట పూడిక తీయుటయు, గట్లమీది జమ్ము, పొదలు నరుకుటయు జరుగును. తాచు గ్రుడ్లు పెట్టి కాచుకొను కాలమును సరిగా ఆ వేసవియే. రెండు గట్లను ఒకే యేట చెక్కివేయక, ఈ యేడు ఎడమగట్టును, మరుసటి యేడు కుడిగట్టును శుభ్రపరచు నియమమొకటి జలవనరుల శాఖవారు తమ కంట్రాక్టులలో వ్రాసికొన్నచో, అదనపు ఖర్చు పైసా లేకుండ, బెజవాడనుండి బందరు వరకు కాలువ పొడవునను ఏ యేటికాయేడు ఒక గట్టు పాములకు దక్కును.